విశాఖ హార్బర్‌లో వెన్నెల భోజనం: తేదీ ఎంచుకోవడం నుంచి జెట్టీ మీద దిగేదాకా

విశాఖలో సముద్రం తూర్పున ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సాయంత్రం బోటులో భోజనం ప్లాను సగం తయారైనట్టే. గోవాలోనో ముంబైలోనో సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు కాబట్టి అక్కడ సన్‌సెట్ క్రూజ్ అన్న మాటకు అర్థం ఉంది. మన దగ్గర పొద్దు కొండల వెనక్కి వాలిపోతుంది. ఊరి మీద ఆకాశం ఎర్రబడటం బోటులోంచి బాగానే ఉంటుంది, కాదనను. కానీ మన సముద్రంలోంచి లేచేవాడు చంద్రుడు. ఆ చంద్రోదయాన్ని నీళ్ల మీద ఉండి చూడటం కోసమే ఈ ప్రయాణం పెట్టుకోవాలి. భోజనం దాని చుట్టూ అమర్చుకునేది.

చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు ఆదివారం చూసుకుంటారు, తరవాత బోటు, తరవాత మెనూ. చంద్రుడు, గాలి, కెరటం ఎలా ఉన్నాయో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. మా ఇంట్లో మొదటిసారి నేనూ అలాగే చేశాను, ఆ సంగతి కింద చెబుతాను. ఆ తరవాత వెళ్లిన ప్రతిసారీ నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు తేదీ, తరవాతే బోటు

గోడ మీది తెలుగు క్యాలెండర్ తీయండి. మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం, ఈ నాలుగు మాసాల పున్నములు చూడండి. అంటే దాదాపు డిసెంబర్ నుంచి మార్చి దాకా. ఏడాదిలో మన వైపు సముద్రం నెమ్మదిగా ఉండేది ఈ రోజుల్లోనే. ఆకాశమూ తేటగా ఉంటుంది, చెమట పట్టదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి వల్ల కెరటం పెద్దగా ఉంటుంది, మబ్బు కమ్ముతుంది. అక్టోబర్, నవంబర్ తుఫానుల కాలం. హుద్‌హుద్ ఈ ఊరి మీద పడింది 2014 అక్టోబర్ 12న. కార్తీక పౌర్ణమి వెన్నెల అంటే ఎవరికైనా మనసు లాగుతుంది కానీ, ఆ నెలలో డబ్బు ముందే పూర్తిగా కట్టేయకండి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్లు ఉక్కగా ఉంటుంది, అయినా వెళ్లొచ్చు. ఒక విషయం మాత్రం ఉంది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లన్నీ హార్బర్‌లోనే పక్కపక్కన కట్టేసి ఉంటాయి కాబట్టి బేసిన్, అంటే బోట్లు ఆగే నీటి చోటు, కిటకిటలాడుతుంది.

ఇప్పుడు తిథి. పున్నమి నాడు ఇటు పొద్దు వాలే వేళకే అటు చంద్రుడు లేస్తాడు. ఆ తరవాత రోజుకు ఇంచుమించు ముప్పావు గంట నుంచి గంట ఆలస్యంగా వస్తాడు. ఇది తెలిస్తే బోటు వేళను బట్టి తిథి ఎంచుకోవచ్చు. డిసెంబర్ మొదట్లో విశాఖలో పొద్దు ఐదూ ఇరవై ప్రాంతానికే వాలిపోతుంది, మార్చిలో ఆరూ పది అవుతుంది, జూలై మొదట్లో ఆరున్నర దాటుతుంది. బోటు ఐదింటికి బయల్దేరితే డిసెంబర్‌లో పున్నమి సరిపోతుంది. ఆరింటి బోటు అయితే మర్నాడు పాడ్యమి. ఏడింటి బోటు మాత్రమే దొరికితే విదియ.

నన్నడిగితే పున్నమి కంటే పాడ్యమే మేలు. పున్నమి చంద్రుడు లేచేటప్పటికి ఇంకా వెలుతురు ఉంటుంది, వెలిసిపోయిన కాగితంలా కనిపిస్తాడు. ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తుంది. పాడ్యమి నాడు పూర్తిగా చీకటి పడ్డాక లేస్తాడు. సముద్రం అంచున ఎప్పుడూ కాస్త మసక ఉంటుంది కాబట్టి, నీళ్లను తాకుతూ కనిపించడం అరుదు. అంచుకు రెండు వేళ్ల ఎత్తులో, మసకలోంచి, ముందు ఇటుక రంగు ముద్దలా తేలతాడు. బోటులో మాటలు వాటంతట అవే ఆగిపోతాయి. పది నిమిషాల్లో రాగి రంగుకు, ఇంకో పది నిమిషాల్లో పసుపుకు తిరిగి, అప్పుడు నీళ్ల మీద దారి పరుస్తాడు. ఈ ఇరవై నిమిషాలు మీ కార్యక్రమంలో పోకూడదు. పాడ్యమి నాడు జనం కూడా తక్కువ, పున్నమి అని బుక్ చేసుకున్నవాళ్లంతా ముందురోజే వచ్చి వెళ్లిపోతారు.

ఒక జాగ్రత్త. క్యాలెండర్‌లో పౌర్ణమి అని రాసిన రోజుకీ, ఆ తిథి నిజంగా ఉన్న సాయంత్రానికీ ఒక్కోసారి ఒకరోజు తేడా వస్తుంది. అందుకని తిథి పేరుతో ఆగిపోకుండా, విశాఖకు ఆ రోజు చంద్రోదయం ఎన్ని గంటలకో చూసి రాసుకోండి. ఆ వేళకు అరగంట ముందు మీ బోటు నీళ్లలో ఉండాలి. ఎవరితో మాట్లాడినా ఈ ఒక్క గడియనే పట్టుకుని మాట్లాడండి.

సముద్రం ఎలా ఉందో ఎలా తెలుసుకోవాలి

మూడు రోజుల ముందు నుంచి చూడటం మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ మన తీరానికి కెరటం ఎత్తు, గాలి వేగం అంచనాలు రోజూ ఇస్తుంది. మత్స్యకారులు నమ్ముకునేది వాటినే. విశాఖలోనే వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దు అన్న ప్రకటన వస్తే మీ బోటు కూడా లేనట్టే అనుకోండి. పోర్టులో ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని పేపర్లో చదువుతుంటాం కదా, ఒకటి, రెండు ఎక్కడో దూరాన వాతావరణం చెడిందని చెప్పేవి, మూడు నుంచి ఈ రేవు సంగతే. మూడో నంబరు ఉన్నప్పుడు కూడా ఏం కాదు, రండి అనే మనిషి దొరికితే ఆ మనిషి బోటు ఎప్పటికీ ఎక్కవద్దు.

కుటుంబంలో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే కెరటం మీటరు దాటిన రోజు వాయిదా వేసుకోవడమే నయం. కుర్రాళ్ల బ్యాచ్ అయితే ఇంకాస్త ఓర్చుకోగలరు, కానీ ప్లేటు చేతిలో నిలవదు.

బోటు మాట్లాడుకోవడం

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. పోర్టులో 2023 సెప్టెంబర్ 4న ప్రారంభమైన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ఉంది. అది రోజుల తరబడి ప్రయాణం చేసే పెద్ద పర్యాటక ఓడల కోసం. గంట, రెండు గంటల సాయంత్రం బోట్ల కోసం అక్కడికి వెళ్లి గేటు దగ్గర నిలబడకండి. మనం చెప్పుకునేవి ఫిషింగ్ హార్బర్ వైపు జెట్టీ నుంచి కదిలే బోట్లు, గంటల లెక్కన అద్దెకిచ్చే యాట్‌లు. రుషికొండ వైపు కూడా పర్యాటక బోట్లున్నాయి కానీ అది తెరిచిన తీరం, హార్బర్ కాదు. అక్కడ రాత్రి కూర్చుని భోంచేసే వీలు తక్కువ.

బోట్లు రెండు రకాలు. మనిషికింత అని టికెట్ తీసి పదిమందితో కలిసి ఎక్కేది ఒకటి, మొత్తం బోటు మనమే మాట్లాడుకునేది ఇంకొకటి. టికెట్ బోటులో పాటలు, డ్యాన్సు వాళ్లిష్టం, వేళ వాళ్లిష్టం. చంద్రోదయానికి నిలపమంటే నిలపరు. ఎనిమిది పదిమంది కుటుంబం ఉంటే మొత్తం బోటు మాట్లాడుకోండి, మనిషి లెక్కన చూస్తే తేడా మరీ ఎక్కువ రాదు.

ఫోనులో ఇవి అడగండి. గంట అంటే ఎక్కిన దగ్గర నుంచా, తాడు విప్పిన దగ్గర నుంచా? బ్రేక్‌వాటర్ (కెరటాన్ని ఆపే రాతికట్ట) దాటి బయటకు తీసుకెళ్తారా, లోపలే తిప్పుతారా? ఎంతమందికి అనుమతి ఉంది, మా రోజున ఎంతమంది ఎక్కుతున్నారు? చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? టాయిలెట్ ఉందా, నీళ్లు వస్తాయా? భోజనం ఎక్కడ వండుతారు, మనం తెచ్చుకోవచ్చా? వాతావరణం బాగాలేక ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమనండి. నిజాయితీగా నడిపేవాళ్లకు ఇది ఇబ్బందే కాదు, వెంటనే పంపిస్తారు.

ఎంతమందికి అనుమతి అన్న ప్రశ్న మాత్రం దాటేయొద్దు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయిన రోజును మనవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ తరవాతే ప్రభుత్వం బోట్లను గమనించడానికి కంట్రోల్ రూములు పెట్టింది. నిబంధనలు ఎన్ని ఉన్నా జెట్టీ మీద నిలబడి తలలు లెక్కపెట్టాల్సింది మనమే. చెప్పిన దానికంటే ఎక్కువమంది ఎక్కుతుంటే దిగిపోండి. డబ్బు గురించి ఆలోచించకండి.

భోజనం ఎప్పుడు, ఎక్కడ

మా పెదనాన్న, పెద్దమ్మల పెళ్లి యాభయ్యో ఏడు వచ్చినప్పుడు పద్నాలుగు మందిమి వెళ్లాం. నేనే బుక్ చేశాను. ఆదివారం చూశాను, తిథి చూడలేదు, అమావాస్య దగ్గర పడింది. అది సరే. బోటు వాళ్లు హార్బర్ దాటి బయట తెరిచిన సముద్రంలో ఇంజిన్ ఆపేసి, ఇక వడ్డిస్తామన్నారు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ బోటు కెరటాన్ని కోసుకుంటూ పోతుంది, పెద్దగా తెలియదు. ఆపగానే కెరటానికి అడ్డంగా తిరిగి అటూ ఇటూ ఒరగడం మొదలుపెట్టింది. చేతిలో బిర్యానీ ప్లేటు, ముక్కుకు డీజిల్ వాసన, కంటికి చీకటి. మొదట మా చెల్లెలి కొడుకు, తరవాత బావ, తరవాత పెద్దమ్మ. రంగు పట్టుచీర కట్టుకుని వచ్చిన మనిషి రైలింగ్ పట్టుకుని వంగి నిలబడింది. ఆవిడ వీపు నిమురుతూ నిలబడ్డాన్నేను.

అప్పుడు బోటు నడిపే సరంగు దగ్గరకొచ్చి, "కెరటం కేసి సూడకండమ్మా. అదిగో, ఆ కొండ మీద దీపం ఉంది సూడండి, దాన్నే సూడండి" అన్నాడు. డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్. పెద్దమ్మ దాని మీదే చూపు నిలిపింది. ఆయన వెళ్లి బోటు తిప్పి రాతికట్ట లోపలికి తెచ్చేశాడు. లోపలికి రాగానే నీళ్లు చెరువులా ఉన్నాయి. పావుగంటకు ఆవిడ తేరుకుని, పెరుగన్నం ఉందా అని అడిగింది. పక్కన కూర్చుని ఆ సరంగే నాతో అన్నాడు: "తిండి లోపల, తిరుగుడు బయట బాబూ. మేం కూడా బయట తినం, లోపలికొచ్చేక తింటాం."

ఆ మాటే ఈ మొత్తం ప్రయాణానికి కీలకం. ఔటర్ హార్బర్ చుట్టూ బ్రేక్‌వాటర్ రాతికట్టలు ఉన్నాయి. బయట కెరటం ఆ రాళ్లకు కొట్టుకుని ఆగిపోతుంది. లోపల నీళ్లు చిన్నగా ఊగుతాయంతే. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: జెట్టీ నుంచి తిన్నగా బయటకు, అక్కడ ఇంజిన్ నెమ్మదిగా నడుస్తుండగానే చంద్రోదయం, బీచ్ వెంబడి ఒక చుట్టు, మళ్లీ రాతికట్ట లోపలికి, అప్పుడు భోజనం. వడ్డించడం మొదలుపెట్టేది మీరు చెప్పాకే అని ఎక్కేముందే సరంగుకూ, వడ్డించే కుర్రాళ్లకూ ఇద్దరికీ చెప్పండి. ఒకరికి చెబితే ఇంకొకరికి చేరదు.

బోటు మీద వండరు, వండకూడదు కూడా. ఒడ్డున వండినది హాట్ బాక్సుల్లో వస్తుంది. వచ్చి గంటన్నర దాటాక తింటాం కాబట్టి మెనూ దానికి తగ్గట్టు చూసుకోవాలి. నీళ్ల మీద గాలికి పై డెక్ మీద ఏదైనా రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. పులిహోర, దద్ధోజనం, గోంగూర పచ్చడి, రొయ్యల వేపుడు లాంటివి చల్లారినా రుచి పోవు. రొయ్యల ఇగురు కూడా దగ్గరకు ఇగరనిస్తే బాగుంటుంది. పలచటి పులుసు, చారు, ఉలవచారు ఈ ఒక్క పూటకు వద్దు, చొక్కాల మీదకే వస్తాయి. చేప కావాలంటే వంజరం ముక్కలు, నడిమి ముల్లు తప్ప సన్నముళ్లు దాదాపు ఉండవు. మసక వెలుతురులో, ఊగే బల్ల మీద ముళ్ల చేప పెట్టి పిల్లలకు తినిపించడం అంత టెన్షన్ ఇంకోటి లేదు. వేయించిన చేపను హాట్ బాక్సులో మూతపెడితే మెత్తబడుతుంది, కాగితం పరిచిన పళ్లెంలో విడిగా తెమ్మనండి. శాకాహారులకు గరిటెలు విడిగా ఉండాలని ముందే చెప్పాలి, చీకట్లో ఎవరూ చూసుకోరు.

తీపికి మాడుగుల హల్వా ఒక డబ్బా పట్టుకెళ్తాం మేము. పాడవదు, కారదు, చేత్తో ముక్క తీసుకుని తినేయొచ్చు. కేకు కొయ్యాలనుకునేవాళ్లు లోపలి క్యాబిన్‌లో కొయ్యండి, కొవ్వొత్తి బయట వెలగదు. బెలూన్లు, రంగు కాగితాలు పేల్చే గొట్టాలు మాత్రం వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికే వస్తాయి. మనం ఆనందపడే ఆ వెన్నెల రాత్రుల్లోనే అవి ఒడ్డుకు ఈదుతుంటాయి. నీళ్లలో తేలే ప్లాస్టిక్ ముక్క వాటికి తిండిలా కనిపిస్తుంది. చెత్తకు ఒక సంచి ఇంటి నుంచే తీసుకెళ్లి, నిండినది ఇంటికే తెచ్చుకోండి.

కడుపు తిప్పకుండా

ఖాళీ కడుపుతో ఎక్కితే తిప్పదని చాలామంది అనుకుంటారు, నిజానికి ఎక్కువ తిప్పుతుంది. నాలుగింటికి రెండు ఇడ్లీలో, అరటిపండో తినండి. నూనెవి వద్దు. బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ నోరూరిస్తుంది, దాన్ని తిరిగొచ్చేటప్పటికి దాచుకోండి. బస్సులో, ఘాట్ రోడ్డులో వాంతులయ్యే అలవాటున్నవాళ్లు అవోమిన్ లాంటి మాత్ర ఎక్కడానికి గంట, రెండు గంటల ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. అది నిద్రమత్తు ఇస్తుంది, వేసుకున్నవాళ్లు కారు నడపకూడదు, మద్యం అసలు ముట్టకూడదు. పిల్లలకు, గర్భిణులకు, వేరే మందులు వాడేవాళ్లకు డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. బోటు నడిమధ్య, కింది డెక్, గాలి తగిలే అంచు. ముందు కొస మీద ఫొటోలు బాగా వస్తాయి, ఊపూ అక్కడే ఎక్కువ. ఫోను స్క్రీన్ చూస్తూ కూర్చున్నవాళ్లే ముందు పడిపోతారు. కదలని దీపం వైపు చూడమన్న సరంగు మాట గుర్తుంచుకోండి. చెవి కదులుతున్నామంటుంది, కన్ను ప్లేటు కదలడం లేదంటుంది, ఆ తగువే వాంతి. దూరపు దీపాన్ని చూస్తే రెండూ ఒకే మాట చెబుతాయి.

జెట్టీ దగ్గర

కోస్టల్ బ్యాటరీ దాటి ఫిషింగ్ హార్బర్‌కు ఆటోలో వచ్చేయొచ్చు. చేరాల్సిన వేళకు అరగంట ముందే రండి. చేపల వాసన ఉంటుంది, నేల తడిగా జారుడుగా ఉంటుంది. ఇక్కడ వేల కుటుంబాలు బతుకుతున్నాయి, ముక్కు మూసుకుని నడవకండి. 2023 నవంబర్ 19 రాత్రి ఇక్కడే మంటలు లేచి పదుల కొద్దీ మరబోట్లు కాలిపోయాయి. అందుకే జెట్టీ మీద గానీ, బోటులో గానీ సిగరెట్ వెలిగించొద్దని పిల్లకాయలకు గట్టిగా చెప్పి తీసుకురండి.

హీల్స్ వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. చీర కట్టుకునేవాళ్లు కుచ్చిళ్లు ఒక అంగుళం పైకి కట్టుకుంటే ఎక్కడం సులువు. డిసెంబర్, జనవరుల్లో నీళ్ల మీద చలి ఊళ్లో ఉన్నదానికంటే ఎక్కువ, పెద్దవాళ్లకు శాలువా, పిల్లలకు టోపీ ఉండాలి. ఆధార్ కార్డులు అందరివీ దగ్గర పెట్టుకోండి, ఇది నేవీ ఊరు, ఎప్పుడు అడిగినా చూపించాలి.

ఎక్కేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. పున్నమికి, అమావాస్యకు పోటు, పాటు రెండూ ఎక్కువ కాబట్టి మనం వెళ్లే రోజుల్లో బోటు జెట్టీకి బాగా కిందో, బాగా పైనో ఉండొచ్చు. బోటు పైకి లేచి జెట్టీకి సమంగా వచ్చిన క్షణంలో అడుగు వేయాలి. సంచులు ముందు చేతికిచ్చేయండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బోటు మీద పనిచేసే కలాసీ మీ మణికట్టు దగ్గర పట్టుకుంటాడు, మీరూ ఆయన మణికట్టే పట్టుకోండి, వేళ్లు జారిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ముందు ఎక్కించి, మధ్యలో కూర్చోబెట్టండి.

లైఫ్ జాకెట్ కూర్చోగానే వేసుకోవాలి. వేసుకుని పట్టీలన్నీ బిగించాక, పక్కవాళ్లు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు. పిల్లల విషయంలో ఇది తప్పకుండా చేయండి, పెద్దవాళ్ల జాకెట్ వేసిన పిల్లాడు నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. ఫొటోల కోసం జాకెట్ తీసేద్దామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మామూలు అత్యవసర నంబరు 112, ఈ రెండూ ఫోనులో పెట్టుకోండి.

నీళ్ల మీద ఏం చూడాలి

బోటు బేసిన్ దాటి ఔటర్ హార్బర్‌లోకి రాగానే దక్షిణాన నల్లగా, ఏనుగు కూర్చున్నట్టు కనిపించేది డాల్ఫిన్ నోస్ కొండ. ఈ రేవు ఇక్కడ పుట్టడానికి ఆ కొండే కారణం. దాని చాటున ఓడలకు గాలీ, కెరటమూ తగలవు. కొండ పక్కగా లోపలికి పోయే సన్నటి కాలువే ఇన్నర్ హార్బర్ దారి. మధ్య పరగణాల మాంగనీసును ఎగుమతి చేసుకోవడానికి బ్రిటిష్‌వాళ్లు అక్కడి చిత్తడి నేలను తవ్వి రేవు కట్టించారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదట లోపలికొచ్చింది. అంతకుముందు ఓడలు దూరాన లంగరేసి ఉంటే, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. ఇప్పుడు మీ బోటు తిరుగుతున్న ఔటర్ హార్బర్ పెద్ద ఓడల కోసం 1976లో వచ్చింది. లోపల కాలువ పక్కన ఉన్న షిప్‌యార్డులోనే 1948 మార్చి 14న నెహ్రూ జలఉష అనే ఓడను నీళ్లలోకి దింపారు.

కాలువ ముఖం వైపు చూస్తే పాత ఊరి కొసన మూడు కొండలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. సంధ్యవేళ మూడింటి దీపాలూ దాదాపు ఒకే వరసలో వెలుగుతాయి. మా పెద్దమ్మ మూడింటికీ దణ్ణం పెట్టింది. అటు వైపే నేవీ స్థావరం. యుద్ధనౌకలు, డాక్‌యార్డు కనిపిస్తే చూడండి, ఫొటోలు తీయకండి. డ్రోన్ అయితే సంచిలోంచి బయటకే తీయొద్దు. డిసెంబర్ 4 నేవీ డే, దాని ముందూ వెనకా ఊళ్లో విన్యాసాలుంటే బోట్ల వేళలు మారిపోతాయి, ఆ వారంలో బుక్ చేసేవాళ్లు ముందే కనుక్కోవాలి.

రాతికట్ట దాటి బయటకొచ్చాక ఇంజిన్ నెమ్మదించమనండి. తూర్పు వైపు నీళ్ల మీద ఒక ఊరు ఉన్నట్టు దీపాలు కనిపిస్తాయి. అవి లోపల బెర్తు, అంటే ఓడ ఆగే చోటు, ఖాళీ అయ్యేదాకా లంగరేసుకుని ఎదురుచూసే సరుకు ఓడలు. పెద్ద ఓడకు ముందు కొసన ఒక తెల్లదీపం, వెనక కాస్త కిందుగా ఇంకొకటి ఉంటాయి. ఆ రెండింటి మధ్య దూరాన్ని బట్టి ఓడ ఎంత పొడవో పిల్లలు అంచనా వేయొచ్చు. కదిలే బోటుకైతే ఎడమ వైపు ఎర్రదీపం, కుడి వైపు పచ్చదీపం. చీకట్లో ఎరుపు మాత్రమే కనిపిస్తే ఆ బోటు మనకు తన ఎడమ పక్క చూపిస్తూ పోతున్నట్టు. ఎరుపూ పచ్చా రెండూ కలిసి కనిపిస్తే మన వైపే వస్తున్నట్టు. మా చెల్లెలి కొడుక్కి రెండోసారి వెళ్లినప్పుడు ఇది చెబితే, వాంతి సంగతే మర్చిపోయి వచ్చే ప్రతి మరబోటుకూ రంగు చెబుతూ కూర్చున్నాడు.

ఈ నీళ్లకు బరువైన జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళ, హార్బర్ ముఖానికి కొద్ది దూరంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఇప్పటికీ అది అడుగునే ఉంది. ఉత్తరానికి తిరిగి బీచ్ వెంబడి వెళ్తుంటే ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన మన జలాంతర్గామి కుర్సురా కనిపిస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు సేవ చేసి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఒడ్డు నుంచి దాన్ని వందసార్లు చూసినవాళ్లకు కూడా సముద్రం వైపు నుంచి చూడటం కొత్తగా ఉంటుంది.

చంద్రోదయానికి అయిదు నిమిషాల ముందు పాటలు ఆపించండి. బోటు లోపలి లైట్లు తగ్గించమనండి, నడిచే బోటుకు ఉండాల్సిన బయటి దీపాలు మాత్రం వెలుగుతూనే ఉండాలి. అందరూ ఒకే పక్కకు వెళ్లి నిలబడొద్దు, బోటు ఒరుగుతుంది. సరంగు బోటును కొంచెం తిప్పితే కూర్చున్న చోటు నుంచే అందరికీ కనిపిస్తాడు. ఫొటో ఒకటి తీసి ఫోను లోపల పెట్టేయండి, ఊగే బోటులో ఫోనుకు అది చుక్కంత మచ్చలాగే వస్తుంది.

తిరుగు దారిలో

లోపలికి వచ్చేటప్పుడు దారి చూపే బోయాల (నీళ్లలో తేలే గుర్తుల) దీపాలు గమనించండి. రేవులోకి వచ్చేవాళ్లకు ఎడమన ఎరుపు, కుడిన పచ్చ. ఆ రెండింటి మధ్య నుంచి దూరి రాతికట్ట లోపలికి రాగానే బోటు ఊపు ఆగిపోవడం ఒంటికి తెలుస్తుంది. ఇప్పుడు వడ్డించమనండి. కంటైనర్ టెర్మినల్ క్రేన్ల వెలుగు నీళ్ల మీద పడుతుంటే, నెత్తి మీదకు ఎక్కుతున్న చంద్రుడి కింద, ముప్పావు గంట నిదానంగా తినొచ్చు. ప్లేట్లు సగం సగం నింపుకుని రెండుసార్లు వడ్డించుకోవడం మేలు.

వర్షమో, గాలో వచ్చి బోటు ఆగిపోయిన రోజున పిల్లలు మొహాలు వేలాడేస్తారు కాబట్టి ముందే ఇంకో దారి పెట్టుకోండి. మబ్బు లేకపోతే అదే వేళకు ఆర్కే బీచ్‌లో ఇసుక మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటే అదే చంద్రుడు లేస్తాడు. చెప్పిపెట్టిన భోజనం జెట్టీ దగ్గరే చేతికి తీసుకుని అక్కడికి వెళ్లిపోవచ్చు. ఈ మాట కూడా బుకింగ్ రోజునే మాట్లాడుకోవాలి.

జెట్టీకి చేరాక ముందు తాడూ, వెనక తాడూ రెండూ కట్టేదాకా ఎవరూ లేవకూడదు. అప్పటికి పోటు మారి ఉంటుంది, ఎక్కినప్పుడు సమంగా ఉన్న మెట్టు ఇప్పుడు మోకాలెత్తు ఉండొచ్చు. కుర్రాళ్లు ముందు దిగి పైనుంచి చేతులందించాలి, పెద్దవాళ్లు మధ్యలో, చివర దిగేది బుక్ చేసినవాళ్లు. తలలు లెక్కపెట్టుకుని, సీట్ల కింద చెప్పులు, డబ్బాలు, చెత్త సంచి చూసుకుని దిగండి. సరంగు చేతికీ, కలాసీల చేతికీ విడివిడిగా ఎంతో కొంత ఇవ్వండి. రాత్రి హార్బర్ లోపల ఆటోలు సులువుగా దొరకవు, వచ్చిన ఆటో అతని నంబరు సాయంత్రమే తీసుకుని ఉంటే, రాతికట్ట లోపలికి రాగానే ఫోను చేయొచ్చు.